రూట్‌మాస్టర్ బస్సు నమూనా: 1:24 కిట్టు మేలా, 1:12 సంచికల బస్సు మేలా, సొంతంగా కోసి కట్టడం మేలా?

లండన్ ఎర్ర డబుల్ డెక్కర్ అయిన రూట్‌మాస్టర్‌ను పెద్ద పరిమాణంలో ఇంట్లో కట్టుకోవాలనుకునేవారికి ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి. మొదటిది రెవెల్ సంస్థ 1:24 నిష్పత్తిలో, అంటే అసలులో 24వ వంతు కొలతలతో, తెచ్చిన ప్లాస్టిక్ కిట్టు (అంటించుకునే విడిభాగాల పెట్టె). రెండవది హాషెట్ సంస్థ ఒక్కో సంచికతో కొన్ని భాగాలు ఇస్తూ 1:12లో కట్టించిన ఆర్‌ఎం 857 నంబరు రూట్‌మాస్టర్. మూడవది ప్లాస్టిక్ షీట్లు, ఇత్తడి తీగ, కాస్త చెక్క తెచ్చుకుని కొలతల ప్రకారం అంతా మనమే కోసి కట్టడం. లెగో సంస్థ 2017లో 1,686 ముక్కలతో తెచ్చిన లండన్ బస్సును కూడా కొందరు ఈ వరుసలో చేరుస్తారు. అది ముచ్చటైన బొమ్మే కానీ రూట్‌మాస్టర్ అందమంతా ఉన్న వంపులు అందులో మెట్లుమెట్లుగా మారిపోతాయి కనుక, స్కేలు నమూనాల మధ్య పోలికలోకి దానిని తీసుకోవడం లేదు.

మూడు దారుల్లోనూ తయారయ్యేది ఒకే బస్సు కాబట్టి, ఆ బస్సు ఎలాంటిదో తెలిస్తే గానీ ఏది మేలో తేలదు. రూట్‌మాస్టర్ మొదటి బస్సును 1954లో లండన్‌లోని ఎర్ల్స్ కోర్ట్ వాహన ప్రదర్శనలో పెట్టారు. 1968లో తయారీ ఆగేనాటికి మొత్తం 2,876 బస్సులు తయారయ్యాయి. 2005 డిసెంబరు 9న 159వ నంబరు రూటులో రోజువారీ సర్వీసుల నుంచి వీడ్కోలు తీసుకుంది. ఎ.ఎ.ఎం. డ్యూరాంట్ నాయకత్వంలో, నగర బస్సులు నడిపిన లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ ఇంజినీర్లు, యుద్ధకాలంలో హాలిఫాక్స్ బాంబరు విమానాలు తయారుచేసిన అనుభవంతో, దీనికి విడి ఛాసిస్ (అడుగు చట్రం) లేకుండా అల్యూమినియం బాడీయే బరువంతా మోసేలా కట్టారు. యంత్రభాగాలు సౌతాల్‌లోని ఏఈసీ అనే వాహన సంస్థ కర్మాగారం నుంచి, బాడీలు పార్క్ రాయల్ నుంచి వచ్చాయి. రూపం దిద్దినవాడు డగ్లస్ స్కాట్. లోపల గోడల కింది భాగానికి వంగపండు ఛాయ కలిసిన ముదురు ఎరుపు, కిటికీల చుట్టూ లేత ఆకుపచ్చ, పైకప్పుకు పసుపు, సీట్లకు గళ్ల గుడ్డ, ఇవన్నీ ఆయన కూర్చిన రంగులే.

లోపలి రంగులను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఈ బస్సుకు రెండు అంతస్తుల చుట్టూ అద్దాలే ఉంటాయి. వెనక ఎడమ మూల తలుపే లేని ఫుట్‌బోర్డు, దాని మీద పట్టుకోవడానికి నిలువు కమ్మీ, పక్కనుంచి మెలిక తిరిగి పైకి పోయే మెట్లు కనిపిస్తాయి. అందువల్ల బల్ల మీద నమూనా పెట్టినప్పుడు చూసేవారి కన్ను బయటి ఎరుపు మీద ఒక్క క్షణం ఆగి, వెంటనే లోపలికి దూరిపోతుంది. విమానం నమూనాలో కాక్‌పిట్ ఎంత కనిపిస్తుందో ఇందులో సీట్ల వరుసలు అంతకు ఎన్నో రెట్లు కనిపిస్తాయి. కాబట్టి ఏ దారి మేలు అన్న ప్రశ్నకు నేను వాడే కొలబద్ద ఒక్కటే: బస్సు లోపలి భాగాన్ని మన ఇష్టప్రకారం చక్కదిద్దుకోవడానికి ఆ దారి ఎంత చోటు ఇస్తుంది?

ముందు పరిమాణం సంగతి. అసలు బస్సు పొడవు 8.38 మీటర్లు, వెడల్పు 2.44 మీటర్లు, ఎత్తు 4.38 మీటర్లు. 1:24లో అది సుమారు 35 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు, 18 సెం.మీ. ఎత్తు అవుతుంది, పుస్తకాల అలమరాలో ఒక అర చాలు. 1:12లో 70 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు, 36 సెం.మీ. పైచిలుకు ఎత్తు. కొలతలు రెట్టింపే అయినా అది ఆక్రమించే చోటు ఎనిమిది రెట్లు. మామూలు అరలో ఈ ఎత్తు పట్టదు. దీనికి విడిగా గాజు పెట్టె చేయించాలి. ఫుట్‌బోర్డు తెరిచే ఉంటుంది గనుక, పెట్టె లేకపోతే మన ఊళ్ల దుమ్ము నెల తిరిగేసరికి మెట్ల మీద, సీట్ల మీద పేరుకుంటుంది. 70 సెం.మీ. బస్సు లోపలి నుంచి ఆ దుమ్మును బ్రష్షుతో తీయడం కట్టడం కన్నా విసుగు పని.

పెద్ద స్కేలు అయితే పని సులువని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ముక్కలు చేతికి చక్కగా అందుతాయి, కళ్లకు శ్రమ తగ్గుతుంది. కానీ లేనిది కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది. కింది అంతస్తు పైకప్పు పొడవునా కండక్టరు గంట కొట్టడానికి ఒక తాడు వేలాడుతుంది. 1:24లో ఒక దారపు పోగు లాగి రెండు చివరలా అంటిస్తే అది తాడే అనిపిస్తుంది. 1:12లో ఆ తాడును మోసే చిన్న కొక్కేలు కూడా ఉండాలి, లేకపోతే దారం దారంలాగే కనిపిస్తుంది. సీటు గుడ్డ విషయమూ అంతే. గళ్ల డిజైనును మెరుపు లేని కాగితం మీద ముద్రించి అంటిస్తే చిన్న స్కేలులో ఎవరూ పట్టుకోలేరు; పెద్ద స్కేలులో కాగితం కాగితమని తెలిసిపోతుంది, సన్నని గుడ్డే కావాలి. అంటే 1:12 ఎంచుకున్నవారు రెట్టింపు పరిమాణంతో పాటు రెట్టింపు వివరానికి కూడా ఒప్పుకున్నట్లే.

హాషెట్ బస్సులో ఆ వివరం చాలావరకు సంస్థే సమకూర్చింది. లోహపు బాడీ భాగాలు రంగు వేసే వస్తాయి, మరలతో బిగుసుకుంటాయి, దీపాలు వెలుగుతాయి. నమూనా కట్టేవారిని అన్నిటికన్నా భయపెట్టే పని, అంటే అంత పెద్ద ఎర్రని పక్కలను ఒక్క చారిక లేకుండా పెయింటు చేయడం, ఇందులో తప్పుతుంది. స్క్రూడ్రైవరు, ఓపిక, చోటు ఉంటే చాలు, పెయింటు డబ్బా ఎన్నడూ తెరవనివారు కూడా చూడముచ్చటైన బస్సును ముగించగలరు. ఈ మేలు చిన్నది కాదు.

అయితే ఈ విడి సంచికల పద్ధతిలో ఒక మెలిక ఉంది. మొదటి సంచిక నామమాత్రపు ధరకు వస్తుంది. ఆ తర్వాత వందకు పైగా సంచికలు, అన్నీ పూర్తి ధరకు. చివరికి అయ్యే మొత్తం మొదటి రోజు ఎవరూ కూడి చూసుకోరు. భాగాలు కట్టుకునే క్రమంలో కాక సంస్థ పంపిన క్రమంలో చేతికొస్తాయి గనుక, ఇవాళ బిగించిన గోడ వెనక రేపు ఏమి రాబోతోందో తెలియదు. లోపలి రంగు మార్చాలన్నా, సీటు గుడ్డ బాగుచేయాలన్నా, అప్పటికే బిగించినది విప్పాల్సి వస్తుంది. ఇప్పుడు కొనదలచినవారు ఎక్కువగా ఇతరులు అమ్ముతున్న సెట్లనే వెతుక్కోవాలి. అలాంటప్పుడు ఒక్క సంచిక భాగాలు లోపించినా బస్సు అక్కడే ఆగిపోతుంది. విదేశం నుంచి అంత బరువున్న లోహపు పెట్టెను తెప్పించుకుంటే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి వస్తువు ధరతో పోటీ పడతాయి. అన్నిటికీ మించి, కట్టేది ఆర్‌ఎం 857 ఒక్కటే. మరో నంబరు బస్సు మీకు ఇష్టమైతే దానికి ఇక్కడ దారి లేదు.

నంబరు మారితే ఏమవుతుందని అడగవచ్చు. రూట్‌మాస్టర్లలో తొలినాటి వాటికి పై అంతస్తు ముందు కిటికీలు తెరుచుకునేవి కావు. తర్వాతి వాటికి తెరుచుకునేవి వచ్చాయి. 1960ల రూపం కావాలంటే పక్కన బంగారు రంగు అక్షరాల్లో సంస్థ పేరు ఉండాలి. 1970ల తర్వాతి రూపానికి తెల్లని వృత్తపు గుర్తు ఉండాలి. ఆర్‌ఎంఎల్ అనే పొడవు రకం 9.14 మీటర్లు, దాని నడిమధ్య ఒక పొట్టి కిటికీ అదనంగా ఉంటుంది, సీట్లు 64 నుంచి 72 అవుతాయి. ఒక సంవత్సరం, ఒక రూటు, ఒక నంబరు పెట్టుకుని ఫొటోలు చూస్తూ కట్టడంలో ఉన్న ఆనందం 1:24 కిట్టులో దొరుకుతుంది. సొంతంగా కట్టేవారికి అయితే ఇక హద్దే లేదు.

కిట్టు కట్టే పనిలో గెలుపోటములు క్రమంలోనే ఉన్నాయి. బాడీ నాలుగు వైపులా అంటించాక బ్రష్షు లోపలికి పోదు గనుక, సీట్లు, నేల, గోడల లోపలి పక్కలు, మెట్లు అన్నీ ముందే పూర్తి కావాలి. నా సలహా, పైకప్పుకు అసలు జిగురే పెట్టకుండా, నాలుగు మూలలా చిన్న అయస్కాంతాలు పెట్టి ఎత్తి చూసేలా ఉంచుకోవడం. పై కిటికీల మీదుగా వాననీటి అంచు ఒకటి బస్సు చుట్టూ పోతుంది కనుక అతుకు దాని నీడలో పెద్దగా కనిపించదు. అద్దాల దగ్గర సూపర్ గ్లూ వాడకూడదు. దాని ఆవిరి తగిలిన చోట పారదర్శకమైన ప్లాస్టిక్ పొగపట్టినట్లు తెల్లబడుతుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు. తెల్ల ఫెవికాల్ సన్నగా అంచున రాసి అద్దం అమర్చితే, ఆరాక అది కనిపించకుండా పోతుంది. పొరపాటున బయటికి వచ్చినా తడి గుడ్డతో తుడుచుకోవచ్చు.

ఎరుపు మొండి రంగు. కింద ఏ రంగు ఉంటే దాని ఛాయను పైకి తెస్తుంది. బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే కింది పూత) మీద వేస్తే బస్సు మసకబారినట్లు, తెల్లదాని మీద వేస్తే మరీ మెరిసే బొమ్మలా కనిపిస్తుంది. లేత గులాబీ ప్రైమర్ మీద వేసినప్పుడే లండన్ ట్రాన్స్‌పోర్ట్ ఎరుపుకు దగ్గరగా వస్తుంది. రెండు అంతస్తుల మధ్య పోయే క్రీము రంగు పట్టీని ముందు వేసి, అది బాగా గట్టిపడ్డాక మాస్కింగ్ టేపు అంటించి, ఆ పైన ఎరుపు కొట్టాలి. ఎరుపు మీద క్రీము వేయబోతే నాలుగు పూతలైనా కింది ఎరుపు గులాబీ ఛాయగా పైకి వస్తూనే ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఉన్నవారు వానాకాలంలో లాకర్ రకం స్ప్రే పెయింటు కొట్టకపోవడం మంచిది. గాలిలో తేమ వల్ల పూత మీద తెల్లని మబ్బు కమ్ముతుంది.

ఇక సొంతంగా కోసి కట్టడం. ఖర్చు పరంగా ఇదే అన్నిటికన్నా చౌక, కాలం పరంగా ఇదే అన్నిటికన్నా ఖరీదు. ఒక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ షీటులో కిటికీలు కోయడంతో పని మొదలవుతుంది. కిటికీ మూలలు గుండ్రం గనుక ముందు నాలుగు మూలలా డ్రిల్లుతో రంధ్రాలు వేసి, తర్వాత వాటిని కలుపుతూ కత్తితో కోయాలి. కుడి ఎడమ షీట్లను ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కోద్దామనిపిస్తుంది గానీ, ఈ బస్సుకు రెండు పక్కలూ ఒకటి కావు: ముందు కుడివైపు డ్రైవరు గది, ఎడమవైపు ఇంజను బానెట్, వెనక ఎడమవైపు ఫుట్‌బోర్డు, కుడివైపు గోడ. జంటగా కోయగలిగేది మధ్య భాగం మాత్రమే. పైకప్పు ముందు వెనక గుండ్రాలకు చెక్కతో అచ్చు చెక్కి, వేడిచేసిన షీటును దాని మీదికి లాగాలి. అసలు బస్సుకు ఛాసిస్ లేనట్లే నమూనాలో కూడా బలమంతా పక్క గోడలదే కనుక, లోపలి పొర ఒకటి, బయటి పొర ఒకటి, రెండింటి మధ్య అద్దం ఇరికే సందు ఉండేలా కడితేనే 35 సెం.మీ. పొడవు వంగకుండా నిలుస్తుంది. 1:24లో ఒక మిల్లీమీటరు తప్పు అసలు బస్సు మీద 24 మిల్లీమీటర్ల తప్పు. కిటికీల వరుసలో అది రెండు చోట్ల జరిగితే మూడడుగుల దూరం నుంచే తెలుస్తుంది.

ఇంత శ్రమ రూట్‌మాస్టర్ కోసం అవసరమా అంటే, నా తీర్పు అవసరం లేదనే. అచ్చులు పోసి కచ్చితంగా తయారైన బాడీ పెట్టెలో దొరుకుతుంటే, ఆ నెలల శ్రమను లోపలి భాగం మీద పెట్టడం మేలు. అందుకే నేను 1:24 కిట్టుకే ఓటు వేస్తాను: బాడీని కిట్టు నుంచి తీసుకుని, సీటు గుడ్డ, గంట తాడు, నేల మీది చెక్క పట్టీలు, కమ్మీలు సొంతంగా చేసుకోవడం. దీపాలు పెట్టేవారు తెల్లని ఎల్ఈడీలు కాక పసుపు ఛాయ ఉన్నవి ఎంచుకోవాలి; ఆ బస్సుల్లో వెలిగినవి పాత రకం బల్బులు. పెయింటు పని వద్దనుకునేవారికి, చోటు, డబ్బు రెండూ ఉన్నవారికి 1:12 సరిపోతుంది. వారు చక్రాల మీద బరువంతా ఏళ్ల తరబడి పడకుండా ఇరుసుల కింద చిన్న దిమ్మలు పెట్టుకోవాలి, లేకపోతే టైర్లు అడుగున చదునైపోతాయి. కట్టడం మీద ఆసక్తి లేక అరలో బస్సు ఉంటే చాలనుకునేవారు సన్‌స్టార్ సంస్థ 1:24లో చేసిన లోహపు రూట్‌మాస్టర్‌ను సిద్ధంగా కొనుక్కోవచ్చు.

సొంతంగా కోసి కట్టే దారి మాత్రం మరో బస్సు కోసం దాచుకోదగినది. సికింద్రాబాదు నుంచి జూ పార్కుకు 7జెడ్ నంబరుతో తిరిగిన అశోక్ లేలాండ్ టైటాన్ డబుల్ డెక్కర్‌ను ఎక్కినవారు తెలుగువారిలో ఎందరో ఉన్నారు. దానిని బల్ల మీద చూసుకోవాలంటే పాత ఫొటోలు ముందు పెట్టుకుని కోసుకోవలసిందే. టైరు వ్యాసం తెలిస్తే, సరిగ్గా పక్కనుంచి తీసిన ఫొటోలో దానినే కొలకర్రగా వాడి కిటికీ ఎత్తు, అంతస్తు ఎత్తు, ఇరుసుల మధ్య దూరం లెక్కకట్టవచ్చు. వాలుగా తీసిన ఫొటోలు ఈ లెక్కకు పనికిరావు, దూరం పోయేకొద్దీ కొలత కుదించుకుపోతుంది. రూట్‌మాస్టర్ కిట్టు ఒకటి ముందే కట్టి ఉన్నవారికి, మెట్లు అంతస్తులోకి ఎక్కడ చొచ్చుకొస్తాయో, సీట్ల మధ్య ఎంత సందు కావాలో, ఏ అతుకు ఎక్కడ దాగుతుందో చేతికి అప్పటికే తెలిసి ఉంటుంది.