బిల్లు అడిగితే ముఖం మాడ్చే టైల్స్ షాపు

గుంటూరులో ఇంటి పనికి టైల్స్ కొన్న షాపు ఇది, పేరు రాయను. సరుకు బాగుంది, డిజైన్లు బోలెడు, కుర్రాళ్లు ఓపిగ్గా అన్నీ తీసి చూపించారు. గొడవంతా బిల్లు దగ్గరే. 60,000 సరుకు, 18 శాతం జీఎస్టీ అంటే ఇంకో 10,800. "బిల్లు వద్దంటే అది మిగులుతుంది కదండీ, అందరూ ఇలాగే తీసుకెళ్తారు" అన్నాడు ఓనరు.

ఆ "అందరూ" దగ్గరే పడిపోయాను. 1972లో ఆలింగ్‌హామ్, సాండ్మో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పన్ను ఎగవేతను, దొరికిపోయే అవకాశమెంత, పడే జరిమానా ఎంత అనే లెక్కగా చూశారు, కానీ కౌంటర్ ముందు నిలబడ్డ నాకు ఆ లెక్కేమీ తట్టలేదు, ఎవరూ కట్టనిది నేనొక్కణ్ణే ఎందుకు కట్టాలి అనిపించింది, అంతే. బ్రిటన్ పన్ను శాఖ ఇదే కిటుకును తిరగేసి వాడింది: పదిమందిలో తొమ్మిదిమంది సమయానికి కడుతున్నారని బకాయిదారులకు ఉత్తరాలు రాస్తే వసూళ్లు పెరిగాయి.

తీరా రెండు పెట్టెల్లో టైల్స్ పగిలి వచ్చాయి. మార్చమంటే "బిల్లు ఏదండీ?" అన్నాడు, అదే మనిషి! మిగతా గదికి అదే షేడ్ కావాలి కాబట్టి మళ్లీ అక్కడికే వెళ్లాల్సి వచ్చింది. ఈసారి బిల్లు అడిగితే ముఖం మాడ్చుకున్నాడు గానీ ఇచ్చాడు.

సరుకుకి నాలుగు స్టార్లు, ఓనరుకి ఒకటి. రేటు మాత్రం జీఎస్టీ కలిపే అడగండి. పార్కింగ్ లేదు.