బెంగళూరు శివార్లలో చందాపుర వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాట్: రెండేళ్లు కాపురం చేశాక నా రివ్యూ

బిల్డర్ పేరు రాయను. చందాపుర నుంచి ఆనేకల్ వెళ్లే దారిలో ఇలాంటి అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి, ఆ వైపు ఇల్లు వెతుకుతున్న మనవాళ్లు ఎవరైనా సరే కొనేముందు ఇది చదవండి.

2022లో బుక్ చేశాం, 2023 చివర్లో దిగాం. చెప్పిన రేటు 72 లక్షలు. కడుతుండగానే కొన్నాం కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటే 3 లక్షల 60 వేలు (ఓసీ, అంటే కట్టడం పూర్తయింది, ఇక కాపురం ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చాక కొంటే ఇది ఉండదు, అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు). స్టాంప్ డ్యూటీ, సెస్సులు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి దాదాపు 4 లక్షల 80 వేలు. ఇప్పుడైతే ఇంకా ఎక్కువ, 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం నుంచి 2 శాతం చేశారు. కారు పార్కింగ్, క్లబ్‌హౌస్, కరెంటు డిపాజిట్, కార్పస్ ఫండ్ (ముందుముందు పెద్ద రిపేర్లకని కట్టించుకునే డబ్బు), అడ్వాన్స్ మెయింటెనెన్స్ అంటూ ఇంకో 5 లక్షలు, కిచెన్, కప్‌బోర్డులు, గ్రిల్స్‌కి 7 లక్షలు. మొత్తం 92 దాటింది. స్టాంప్ డ్యూటీ ఖర్చుకి బ్యాంకు లోన్ ఇవ్వదు, అందుకని నా గాజులు తాకట్టు పెట్టాం. తాళాలు ఎనిమిది నెలలు ఆలస్యంగా ఇచ్చారు, ఆ ఎనిమిది నెలలూ అద్దె ఒకవైపు, బ్యాంకు వడ్డీ ఒకవైపు, ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

అసలు బాధ నీళ్లతోనే. మాకు కావేరి నీళ్లు రావు. 2024 అక్టోబర్‌లో మొదలైన కావేరి ఐదో దశ కార్పొరేషన్‌లో కలిసిన 110 గ్రామాల కోసం, మాది అందులో లేదు. ఆ ఏడు ఎండాకాలం మా రెండు బోర్లూ ఎండిపోయాయి. 12,000 లీటర్ల ట్యాంకర్‌కి 5 కిలోమీటర్ల లోపు 1,000, పది లోపు 1,200 అని జిల్లా అధికారులు రేటు కట్టారు గానీ, మా గేటు దగ్గరికి ఆ రేటుకి ఒక్క బండీ రాలేదు, 2,000 ఇస్తేనే పైపు విప్పేవాళ్లు. తెల్లవారుజామున ఐదింటికి హారన్ వినబడితే హమ్మయ్య అనుకుని లేచేదాన్ని. పైగా ఉప్పు నీళ్లు. గీజర్ విప్పితే రాడ్‌కి వేలి మందాన తెల్లగా గట్టిపడిన సున్నం, ప్లంబర్ స్క్రూడ్రైవర్‌తో గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా బకెట్లో పడింది. ఏడాదిలో రెండుసార్లు రాడ్ మార్చాం.

మెయింటెనెన్స్ చదరపు అడుగుకి 4 రూపాయలు. అది లోపల మనం తిరిగే 830 అడుగులకి కాదు, మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా కలిపి లెక్కకట్టే 1,240 సూపర్ బిల్టప్‌కి. నెలకి 4,960, నీళ్ల బిల్లు వేరే.

కట్టుబడి మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను. రెండు వానాకాలాలు గడిచినా గోడకి ఒక్క చెమ్మ మచ్చ లేదు, సాయంత్రం బాల్కనీలో కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. మా ఫ్లోర్‌లో మదనపల్లె, హిందూపురం వాళ్లున్నారు, పండగకి గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. మావారి ఆఫీసు జయనగర్‌లో. సిల్క్‌బోర్డ్ మీదుగా గంటన్నర పట్టేది, 2025 ఆగస్టులో ఎల్లో లైన్ వచ్చాక బొమ్మసంద్రలో బండి పెట్టి మెట్రో ఎక్కుతున్నారు, ఇంటికొచ్చేసరికి మనిషి మనిషిలా ఉంటున్నారు.

కట్టుబడికి ఐదుకి నాలుగు, నీళ్లకి ఒకటి. చూడ్డానికి వెళ్తే శాంపిల్ ఫ్లాట్ చూసి వచ్చేయకండి. ఆ పక్కనే జనం ఉంటున్న అపార్ట్‌మెంట్‌కి వెళ్లి, గేటు దగ్గర సెక్యూరిటీ రాసే ట్యాంకర్ రిజిస్టర్ అడగండి, మార్చి ఏప్రిల్ పేజీలు తిప్పి రోజుకి ఎన్ని బండ్లు వచ్చాయో లెక్కపెట్టండి.