విమాన దూరం లెక్కగట్టే యాప్: విజయవాడ నుంచి డల్లాస్‌కు

డల్లాస్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాలని అనుకున్నప్పుడు, రెండు నగరాల మధ్య విమాన దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ చూపే ఒక ఉచిత యాప్‌ను వాడి చూశాను. దూరం విషయంలో దానిని తప్పుపట్టలేను. విజయవాడ నుంచి డల్లాస్‌కు సుమారు 14,500 కిలోమీటర్లని చూపింది; భూగోళం మీద ఆ రెండు ఊళ్లను కలిపే అతి దగ్గరి మార్గం అదే. రేఖాంశాల తేడా దాదాపు 178 డిగ్రీలు కావడంతో ఆ గీత ఉత్తర ధ్రువానికి చేరువగా సాగుతుంది. గోడ మీది పటంలో పడమర దిక్కుకే వేలు చూపే మావారికి ఇది ఎంతకీ నమ్మబుద్ధి కాలేదు.

చిక్కంతా సమయం దగ్గరే ఉంది. దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగించి, మరో అరగంట కలిపి, 17న్నర గంటలని తేల్చేస్తుంది. గన్నవరం నుంచి అక్కడికి నేరుగా విమానం లేదన్న సంగతి గానీ, ఢిల్లీలోనో మరోచోటో గంటల తరబడి ఎదురుచూడాలన్న సంగతి గానీ దానికి పట్టవు. గాలిని అది అసలే లెక్కలోకి తీసుకోదు. 2016లో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ బదులు పసిఫిక్ మీదుగా మళ్లించినప్పుడు, దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300కు చేరినప్పటికీ, వెనుక నుంచి తోసే గాలుల వల్ల ప్రయాణం దాదాపు 2 గంటలు తగ్గి 14న్నర గంటలలో ముగిసింది.

డల్లాస్‌తో కాలమాన భేదం వేసవిలో 10న్నర గంటలు, చలికాలంలో 11న్నర గంటలు. ఈ యాప్ మాత్రం ఏడాది పొడవునా ఒకే అంకె చూపుతుంది. దూరం తెలుసుకోవడానికి వాడుకోవచ్చు. దీనిని నమ్మి అమ్మాయిని విమానాశ్రయానికి రమ్మనకూడదు.