హెల్సింకీలో మొదటి రోజు: అమ్మకు దొరికిన జున్ను

ఫిన్లాండ్ అనగానే అమ్మకు తిండి గురించే టెన్షన్. వెళ్లింది జూలైలో కాబట్టి చలి బాధ లేదు. తిండి సంగతి కూడా మొదటి రోజు మధ్యాహ్నానికే తేలిపోయింది. అందుకే ఓడరేవు ఒడ్డున ఉన్న పాత మార్కెట్ హాల్ దగ్గరే మొదలుపెడతాను.

1889లో తెరిచిన ఇటుక కట్టడం అది. లోపల ఇరుకైన నడవ, రెండు వైపులా చెక్క దుకాణాలు. మేం ముందుగా తీసుకున్నది లోహికేయ్‌త్తో అనే సాల్మన్ చేపల సూప్. చేప ముక్కలు, బంగాళాదుంపలు, మీగడ, పైన బోలెడంత సోయికూర. పక్కన రై అనే ధాన్యం పిండితో చేసిన నల్లటి రొట్టె. కారం, మసాలా ఏమీ లేవు. చేప తాజాగా ఉండి, మీగడ కమ్మగా ఉంటే వాటి అవసరం అంతగా లేదని నాకు అనిపించింది. అమ్మ మాత్రం మిరియాల పొడి చల్లుకుంది. గిన్నె సుమారు 14 యూరోలు. ఒక్కదానితో కడుపు నిండింది.

తర్వాత కర్యలన్‌పీరక్క. రై పిండిని పల్చగా ఒత్తి, అందులో పాలలో ఉడికించిన అన్నం పెట్టి, అంచులు నొక్కి కాలుస్తారు. పైన ఉడికిన గుడ్డు కలిపిన వెన్న. వరి పండని దేశంలో ఈ అన్నం ఏమిటా అనుకున్నాను. పాత రోజుల్లో బార్లీ వేసేవారు. బియ్యం దిగుమతి అయ్యాక దాని చోటు అన్నం తీసుకుంది. ఈ వంటకం ఫిన్లాండ్ తూర్పున ఉన్న కరేలియా ప్రాంతానిది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ప్రాంతంలో ఎక్కువ భాగం సోవియట్ యూనియన్‌కు పోయింది. దాదాపు 4 లక్షల మంది ఇళ్లూ పొలాలూ వదిలి వచ్చి దేశమంతటా సర్దుకున్నారు. వాళ్లతో పాటే ఈ వంటకమూ ఇంటింటికీ చేరింది. ఇది తెలిశాక ఆ చిన్న రొట్టెను ఊరికే చిరుతిండిగా చూడలేకపోయాను.

అసలు విశేషం లెయ్‌పాయూస్తో. బల్లపరుపుగా, అక్కడక్కడా కాలిన మచ్చలతో ఉన్న తెల్లటి చీజ్ ముక్క. కొరికితే పళ్ల మధ్య కీచుమంటుంది. దాని మీద లక్కా అనే నారింజ రంగు చిత్తడినేల పండ్ల జామ్ వేసి ఇచ్చారు. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఒరేయ్, ఇది జున్నురా. ఆవు ఈనితే చేసే జున్ను. కాకపోతే కాల్చారు" అంది. నేను నమ్మలేదు. దుకాణంలో అడిగితే, పూర్వం ఈనిన ఆవు మొదటి పాలతోనే చేసేవారని, ఇప్పుడు మామూలు పాలతో చేస్తున్నారని చెప్పారు. కోనసీమలో పుట్టి పెరిగిన అమ్మ నాలుక దాన్ని ఒక్క ముక్కలో పట్టేసింది. ఆ పూటంతా ఆమె ముఖంలో వెలుగు చూడాలి.

ఒక హెచ్చరిక. సల్మియాక్కి అనే నల్ల బిళ్లలు కొనే ముందు ఒకటి రుచి చూడండి. అతిమధురంలో నవాసారం కలిపి చేస్తారు. అక్కడివాళ్లకు ప్రాణం. మాకు ఒక్కటి కూడా పూర్తి కాలేదు.

ఇక రాకపోకలు. విమానాశ్రయం నుంచి లోకల్ రైలు అరగంటలో ఊరి నడిమధ్యకు చేరుస్తుంది. సామాను మరీ ఎక్కువైతే తప్ప టాక్సీ అక్కర్లేదు. దిగగానే రోజంతటికీ టికెట్ తీసుకోండి. ట్రాములకే కాదు, సువోమెన్‌లిన్నా కోటకు వెళ్లే పడవకూ అదే చెల్లుతుంది. 1748లో స్వీడన్ పాలనలో కట్టడం మొదలైన ఆ కోట దీవుల మీద ఉంది, పావుగంట ప్రయాణం. మాకు బాగా నచ్చింది. కానీ దారులు రాళ్లు పరిచినవి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే రేవు దగ్గరి భాగం చూసి వెనక్కి రండి. మేం మొండిగా చివరిదాకా నడిచాం, అమ్మ పాపం చాలా ఇబ్బంది పడింది. సెనేట్ స్క్వేర్‌లోని తెల్లటి చర్చి మెట్ల మీద పది నిమిషాలు కూర్చున్నాం, అంతే. ఓడి అనే గ్రంథాలయం మాత్రం వదలకండి. ప్రవేశం ఉచితం, పై అంతస్తులో హాయిగా నడుం వాల్చవచ్చు.

బస విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. స్టేషన్ దగ్గర హోటల్. పొద్దున్నే వెళ్తే గది మూడింటికే అన్నారు, అది న్యాయమే. కానీ బ్యాగులు ఉంచుకోవడానికి విడిగా డబ్బు అడిగారు. బుక్ చేసేటప్పుడు ఆ మాట ఎక్కడా లేదు. గదిలో కర్టెన్లు మరీ పల్చన. అక్కడ జూలైలో తెల్లవారుజామున నాలుగున్నరకే ఎండ వచ్చేస్తుంది. గది తీసుకునే ముందు మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో అడగండి, లేదా కళ్లకు కట్టుకునే గంతలు వెంట తీసుకెళ్లండి.

సాయంత్రం రేవు పక్క సంతలో పచ్చి బఠాణీ కాయలు కొన్నాం. తూకం లేదు, లీటరు కొలత. అమ్మకు సోలతో, తవ్వతో కొలిచే రోజులు గుర్తొచ్చాయి. అక్కడివాళ్లు కాయ ఒలిచి గింజలు పచ్చివే తింటారు. మేమూ నీళ్ల ఒడ్డున బల్ల మీద కూర్చుని ఒలుచుకుంటూ తిన్నాం. రాత్రి పదైనా ఎండ పోలేదు. "రేపు ముందు ఆ జున్ను కొట్టుకే పోదాం" అంది అమ్మ, ఆఖరి కాయ నా చేతిలో పెడుతూ.