.38 స్పెషల్ తూటాలు నింపడానికి టరెట్ ప్రెస్: కొన్నేళ్లు వాడాక

టెక్సస్‌లో ఉన్నన్నాళ్లూ రివాల్వర్ తూటాలు గ్యారేజీలోనే నింపుకునేవాడిని. టరెట్ ప్రెస్ (డైలు, అంటే అచ్చులు, బిగించిన పైతల తిరిగే, లివర్‌తో నొక్కే యంత్రం), త్రాసు, తుపాకిమందు కొలిచి పోసే మెజర్, అంతే సామాను. బెంగళూరు వచ్చేముందు అన్నీ అక్కడే అమ్మేశాను. ఇక్కడ లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధ చట్టం కింద నేరం. అయినా మారతహళ్లిలో మన తెలుగు కుర్రాళ్లు "అన్నా, ఆ మెషీన్ ఎలా ఉండేది?" అని అడుగుతూనే ఉంటారు.

ప్రెస్‌కి వంక పెట్టలేను. లివర్ గట్టిది, డైలు ఒకసారి సెట్ చేస్తే కదలవు. టెన్షన్ అంతా .38 కేసుతోనే, అంటే మందు నింపే ఇత్తడి గొట్టంతో. పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) రోజుల్లో, 1898 ప్రాంతంలో పుట్టింది కాబట్టి లోపల చోటెక్కువ. ఇప్పటి వేగంగా మండే మందు అడుగున కాస్తంత ఉంటుంది. అదే కేసులో రెండోసారి పడినా పొంగదు, పైన బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది. అది పేలిందంటే సిలిండర్ చీలి, ఫ్రేమ్ పైపట్టీ ఎగిరిపోవచ్చు. త్రాసు ఎంత ఖరీదైనదైనా ఏ కేసులో రెండుసార్లు పడిందో చెప్పదు. అందుకే ప్రెస్ తనంతట తాను తిరిగే ఏర్పాటు తీసేసి, మందు పోసిన కేసులన్నీ ట్రేలో నిలబెట్టి, టార్చి వేసి ఒక్కొక్కటీ చూసేవాడిని. పని సగానికి సగం నెమ్మదించేది. ఎక్కువ చోటు పట్టే మందుకి మారాక కాస్త నిశ్చింత: రెండోసారి పడితే బయటికి పొర్లి కనిపిస్తుంది.

మందు అసలు పడకపోతే ఇంకో గొడవ. ప్రైమర్ (కేసు అడుగున మందుని అంటించే చిన్న బిళ్ల) ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్లోకి నెట్టి వదిలేస్తుంది. పిస్టల్ అయితే చాలాసార్లు అక్కడే ఆగుతుంది. రివాల్వర్ మాత్రం ట్రిగ్గర్ లాగితే చాలు, ఇరుక్కున్న బుల్లెట్ వెనకే తర్వాతి తూటాని తెచ్చి నిలబెడుతుంది; అది పేలితే బ్యారెల్ పగలొచ్చు. రేంజ్‌లో పక్క లేన్ ఆయనది "టప్" మని నీరసంగా మోగితే, మళ్లీ నొక్కకుండా గట్టిగా అరిచి ఆపాను. ఖాళీ చేసి రాడ్ దూర్చి చూస్తే బుల్లెట్ మధ్యలో ఇరుక్కుని ఉంది.

క్రింప్ (బుల్లెట్‌ని పట్టి ఉంచే కేసు అంచు నొక్కు) వదులైతే తేలిక రివాల్వర్ తన్నుడికి మిగతా బుల్లెట్లు ముందుకు జారి సిలిండర్ బిగుసుకుంటుంది. ప్రైమర్ పూర్తిగా దిగకపోయినా అంతే. ఇవి చిరాకు వ్యవహారాలు. ఇంకా శక్తివంతమైన .357 మాగ్నమ్ తూటా మోతాదుని .38 కేసులో పోయడం అలాంటిది కాదు. సామీ (అమెరికా తుపాకీ, తూటాల తయారీదారుల సంస్థ) ప్రమాణాల్లో .38 స్పెషల్ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు (పీఎస్ఐ), .357ది 35,000. పొడవాటి .357 తూటా .38 రివాల్వర్లో దూరదు గానీ, తప్పు మందు పోసిన .38 తూటాని ఏ రివాల్వరూ ఆపదు.

ప్రెస్‌కి ఐదుకి నాలుగు. మెజర్‌కి రెండున్నర, అదీ పారదర్శకమైన డబ్బా ఉన్నందుకు.