వైజాగ్‌లో బాలు గారి పాటల ‘లైవ్ ఆర్కెస్ట్రా’కి పాసులు కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. పసుపు రంగు పోస్టర్, మధ్యలో బాలు గారి నవ్వు, కింద ‘20 మంది వాద్యకారులతో’ అని ఎర్ర అక్షరాలు. అదే. మీలో సగం మంది ఫోన్లకి ఈపాటికి వచ్చే ఉంటుంది. మొన్న సెప్టెంబరు 25న, ఆయన వర్ధంతి రోజు, ఆ ప్రోగ్రాం కోసం రాజమండ్రి నుంచి నాన్నని తీసుకుని వెళ్ళాను. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

రత్నాచల్‌లో వెళ్ళాం, కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాం, అవన్నీ వదిలేయండి. రెండు డోనర్ పాసులు, ఒక్కోటి 1,500. ఫోన్‌లోనే కొట్టేశాను. చేతికి టికెట్ లేదు, ‘కన్ఫర్మ్ సార్’ అని ఒక మెసేజ్, పక్కన దణ్ణం బొమ్మ. ఆ దణ్ణం చూసి నమ్మేశాను. డబ్బు పంపేముందు చూసుకోండమ్మా అని బ్యాంకు కౌంటర్లో కూచుని రోజూ జనానికి చెప్పేవాణ్ణి నేనే మరి.

ఆరింటికన్నారు. ఏడూముప్పావు దాకా శాలువాలే. ఎవరెవరికో కప్పారు, ఎందుకో వాళ్ళకే తెలియాలి. ‘ఆర్కెస్ట్రా వాళ్ళు ఇంకా రాలేదేమిట్రా’ అని నాన్న అడుగుతూనే ఉన్నారు. వచ్చారు. ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఒక లాప్‌టాప్.

మొదటి పాటకే తెలిసిపోయింది. పాడే కుర్రాడు పల్లవి దగ్గర కాస్త వెనకబడ్డాడు. మనుషులు వాయిస్తుంటే చూసి అందుకుంటారు, ముందే రికార్డు చేసిపెట్టిన ట్రాక్ ఎవరి కోసం ఆగుతుంది? ఫ్లూట్ వినపడుతోంది, స్టేజి మీద ఫ్లూట్ పట్టుకున్నవాడే లేడు. వయొలిన్లు మోగుతుంటే కీబోర్డాయన మంచినీళ్ళు తాగుతున్నాడు. బాలు గారికి తొలి జాతీయ అవార్డు తెచ్చిన పాట మధ్యలో, సరిగ్గా చరణం ముందు, లాప్‌టాప్‌కి ఏదో మెసేజ్ వచ్చి స్పీకర్లలో ‘టింగ్’మంది. హాలంతా నవ్వింది. నాన్న నవ్వలేదు. (కుర్రాడి గొంతు బాగుంది. అతన్ని ఏమీ అనను, అతనికి ఎంతిచ్చారో.)

మద్రాసులో తొలి రోజుల్లో బాలు గారే సొంతంగా ఒక ట్రూప్ నడిపారు, అందులో వాయించినవాళ్ళలో ఇళయరాజా ఒకరు. వెళ్ళేటప్పుడు రైల్లో తుని దాటేదాకా నాన్న ఈ కథే చెప్పారు. అలాంటి మనిషికి లాప్‌టాప్‌తో నివాళి.

బయటికొచ్చేసరికి గుమ్మం దగ్గర ఆర్గనైజరు. ‘20 మంది ఏరండీ?’ అన్నాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ‘బడ్జెట్ సార్’ అన్నాడు. పోనీ సగం డబ్బులైనా ఇవ్వండి అన్నాను. అప్పుడు ఎత్తాడు తల. నా వైపు కాదు, నాన్న వైపు చూశాడు. ‘ఏం పెద్దాయనా, పదిహేను వందలకి బాలు గారే దిగొచ్చి పాడతారనుకున్నావా?’ పక్కనున్న ఇద్దరూ కిసుక్కుమన్నారు.

నాన్నకి 76. ఆ రోజు కోసం ఇస్త్రీ చేయించుకున్న తెల్ల పంచె కట్టుకొచ్చారు. ‘పదరా’ అన్నారు, అంతే.

మరి నేనేం చేశాను? ‘థాంక్యూ’ అన్నాను. అవునండీ, వాడికి థాంక్యూ చెప్పి వచ్చాను. నోటికి అదే ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు. రాత్రంతా లాడ్జిలో ఫ్యాన్ చూస్తూ వాడికి ఇవ్వాల్సిన జవాబులు ఓ పద్నాలుగు తయారుచేశాను. ఒకదాన్ని మించి ఒకటి. ఏం లాభం?

పొద్దున్న మళ్ళీ మెసేజ్ పెడితే ‘విరాళాలు తిరిగి ఇవ్వబడవు’ అని వచ్చింది. అప్పుడు వెలిగింది, డోనర్ పాస్ అని ఎందుకు పేరు పెట్టారో. మేం టికెట్ కొనలేదట, దానం చేశామట. కర్ణుడి తర్వాత మేమే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, చూడాలి.

కొనేముందు పాడేవాళ్ళ పేర్లు కాదు, వాయించేవాళ్ళ పేర్లు అడగండి. నీళ్ళు నమిలితే వదిలేయండి. ఆ, ఇంకొకటి. అదే పోస్టర్ ఇప్పుడు విజయనగరం పేరుతో తిరుగుతోంది, ఫోటో కూడా అదే. ఎడమ చివర కాషాయం కండువాతో తబలా ఆయన కూచుని ఉంటాడు చూడండి, ఆయన ఆ రోజు స్టేజి మీద లేడు.