పక్షవాతం తర్వాత బ్యాలెన్స్ సాధన: సెంటర్‌లోనా, ఇంట్లోనా?

బ్యాలెన్స్ కొలిచే బెర్గ్ పరీక్షలో 56కి 47 మార్కులు వచ్చిన వారమే నాన్న బాత్రూం గడప దగ్గర పడ్డారు. అదృష్టం, ఏమీ విరగలేదు. చచ్చుబడ్డ వైపు ఎముక పలచబడుతుంది, పడేదీ ఎక్కువగా అటే, అందుకే తుంటి గురించి భయం. కూర్చుని లేవడం, కళ్లు మూసుకుని నిలబడటం, వెనక్కి తిరిగి చూడటం లాంటి 14 పనులకు మార్కులు వేసే పరీక్ష అది. 45 దాటితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చంటారు. మరి ఎక్కడ తేడా కొట్టింది?

మార్కులు వచ్చింది గుంటూరు కొత్తపేటలోని ఫిజియోథెరపీ సెంటర్‌లో. చదునైన నేల, మంచి వెలుతురు, రెండు పక్కలా ఊతానికి కడ్డీలు, ఎదురుగా నిలువుటద్దం, నడుముకి బెల్టు కట్టి పట్టుకునే మనిషి. ఇంట్లో తడి, గడప, మసక లైటు, పైగా వంటింట్లోంచి ‘కాఫీ పెట్టనా’ అని అమ్మ కేక. ఆ కేకకి తల తిప్పారు, పడ్డారు.

అలాగని సెంటర్ దండగ అనను. మొదటి మూడు నెలలు అదే మేలు. బ్యాలెన్స్ రావాలంటే తూలి, నిలదొక్కుకోవాలి. స్పాంజి మీద నిలబెట్టి, కొద్దిగా నెట్టి, పడబోతే పట్టుకోవడం మా వల్ల కాదు. మేమైతే భయంతో ముందే రెక్క పట్టుకుంటాం, ఇక కాలికి పనేముంది? బ్రాడీపేట నుంచి శంకర్ విలాస్ ట్రాఫిక్‌లో వెళ్లి రావడమే నరకం. ఆటో ఎక్కి దిగడం కూడా సాధనే అని ఫిజియో నవ్వారు. నెలాఖరుకి ఆటో లెక్క చూస్తే నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చే ఫిజియో పరికరాలేవీ తేలేదు. చేతులు ఆనించకుండా మంచం మీంచి పదిసార్లు లేపించాడు. వంటగట్టు పట్టుకుని అడ్డంగా అడుగులు వేయించాడు. నడుస్తూ ఎక్కాలు చెప్పమంటే ఏడో ఎక్కం దగ్గర నాన్న కాళ్లు ఆగిపోయాయి. ధ్యాస పక్కకి పోతే కాలు ఆగుతుందన్నమాట, బాత్రూం దగ్గర ఎందుకు పడ్డారో నాకప్పుడు అర్థమైంది. తులసికోట చుట్టూ రెండు వైపులా తిరగమంటే ‘నాచేత అప్రదక్షిణం చేయిస్తావా బాబూ’ అన్నారు. చివరికి డైనింగ్ టేబుల్‌తో సరిపెట్టాం.

ఇందులో ఒక మెలిక ఉంది. సాధనతో బ్యాలెన్స్ మెరుగైనంతగా పడటం తగ్గకపోవచ్చు. నడవగలిగేకొద్దీ తిరుగుడు పెరుగుతుంది మరి. కాబట్టి ముందు బాత్రూం గోడకి కడ్డీ, రాత్రికి లైటు. కర్ర బాగున్న చేతిలో. నాలుగు కాళ్ల కర్ర చదును నేల మీద దిట్టంగా ఉంటుంది గానీ, మా ఇరుకు మెట్ల మీద నాలుగూ ఆనవు.

కంచంలో ఎడమవైపు కూర ముట్టకుండా వదిలేస్తున్నారంటే మాత్రం అనుమానించండి. కుడి మెదడుకి దెబ్బ తగిలిన కొందరికి ఎడమవైపున్నది గమనికలోకి రాదు. అలాంటివాళ్లకి ఇంకొన్నాళ్లు సెంటరే నయం.

మేమిప్పుడు నెలకోసారే వెళ్తున్నాం, మార్కులు వేయించుకోవడానికి. లుంగీ కూర్చుని కట్టుకోమంటున్నాం, రెండు చేతులూ దానికే పోతే పట్టుకోవడానికేం మిగలదు కదా. ఆయన వినరు.